తెరమీది కొండను నమ్మవచ్చునా?

గడచిన క్రిస్మసు సెలవులకు కొన్ని దినములు ముందుగా మా పూర్వవిద్యార్థి యొకడు పాఠశాలను చూడవచ్చెను. పదునెనిమిది సంవత్సరముల క్రిందట మా తరగతిలో రెండవ బల్లమీద కూర్చుండి, త్రికోణమితి లెక్కలను మాకంటె ముందుగా ముగించి మమ్ము తొందరపెట్టిన బాలుడే యతడు. ఇప్పుడు అమెరికాదేశమున ఉద్యోగము చేయుచున్నాడు. ఇద్దరు స్నేహితులతో కూడి, ఇంటి కారుషెడ్డులో రెండు సీట్ల చిన్న విమానమొకటి తన చేతులతో తానే కట్టుకొనుచున్నాడట. ఆ దేశమున ఇట్లు ఇండ్లలో కట్టుకొనిన విమానములను ప్రయోగాత్మకము లను వర్గమున చేర్చి, కొన్ని నిబంధనలకు లోబరచి యెగురనిత్తురు. పెద్ద విమానములకు వలె ప్రతి పరికరమునకును ప్రభుత్వపు ధ్రువపత్రము ఉండితీరవలెనను కట్టడి వానికి లేదు.

ఆ సాయంకాలము అతడు విజ్ఞానసంఘపు బాలబాలికలను చేర్చి తన ల్యాప్‌టాపును తెరచి చూపెను. తెరమీద కొండలు, లోయలు, నదులు, వానిపై నీలాకాశము. అది ఫ్లైట్‌గేర్ అను ఫ్లైట్ సిమ్యులేటరు. అనగా విమానము నడుపుటను ఇంటిలో కూర్చుండి యనుకరించుటకు వ్రాసిన సాఫ్ట్‌వేరు. ఉచితముగ లభించునది. "మాస్టరుగారూ, దీనినే మా విమానములో పైలటు ముందుండు పలకకు బిగింపబోవుచున్నాను. మా విమానము నిజముగా ఎక్కడ నున్నదో అక్కడినుండి కనబడవలసిన కొండలను ఇది గీయును. బయట పొగమంచు కప్పినను లోపల అంతయు పట్టపగలువలె కనబడును. ధ్రువపత్రము గల పరికరమును కొనవలెనన్న వేలకొలది డాలర్లు" అని యతడు చెప్పగా పిల్లలు చప్పట్లు కొట్టిరి. వినవచ్చిన తండ్రి యొకరు, "ఉచితముగా దొరకుచుండగా ఆ కంపెనీలకు వేలెందుకు పోయవలెనండీ?" అనిరి. మా సహోపాధ్యాయు లొకరు మాత్రము మొగము చిట్లించి, "ఆటబొమ్మను నమ్మి ఆకాశమున కెగురుటయా?" అని లేచిపోయిరి.

ఈ యిద్దరి మాటలును సరికావని మా యభిప్రాయము. పత్రికాసంపాదకులు మాకు కొన్ని పుటలిచ్చిరి గనుక, ఎందువలన సరికావో చెప్ప ప్రయత్నింతుము.

మొదట ఆ యంత్రాంగ మెట్టిదో తెలిసికొనవలెను. ఫ్లైట్ సిమ్యులేటరునకు రెండు భాగములుండును. ఒక భాగము లెక్కలు చేయునది. పైలటు చేతికఱ్ఱను ఇంత వంచినచో, ఇంజను ఇంత బలముతో లాగినచో, మరుక్షణమున విమాన మెక్కడ నుండును, ఎంత యెత్తున నుండును, ముక్కు ఎటు తిరిగియుండును, రెక్క ఏ వైపునకు వ్రాలియుండును అని గణించును. రెండవ భాగము చిత్రకారుని వంటిది. లెక్కలవాడు చెప్పిన చోటనుండి చూచినచో భూమి యెట్లు కనబడునో సెకండునకు ముప్పది నలువది మార్లు గీయును. ఈ చిత్రకారునకు విమానము నిజమైనదో కల్పితమైనదో యక్కఱలేదు. స్థానము, ఎత్తు, దిక్కు, వాలు ఎవరు చెప్పినను గీయును. కావున లెక్కలవానిని తొలగించి, వాని స్థానమున నిజమైన విమానములోని జి.పి.ఎస్. గ్రాహకమును, వాలును కొలుచు గైరోస్కోపులను కూర్చి, అవి చెప్పు సంఖ్యలను చిత్రకారునకు అందించినచో, ఆటలోని కిటికీ నిజమైన విమానమునకు కిటికీ యగును. ఫ్లైట్‌గేర్, ఎక్స్‌ప్లేన్ అను సిమ్యులేటరులు బయటినుండి వచ్చు సంఖ్యలను ఇట్లు స్వీకరించుటకు వీలుగనే నిర్మింపబడినవి. కంటికి కనబడని భూమిని లెక్కవలన గీసి చూపు ఈ విద్యను ఇంగ్లీషువారు సింథెటిక్ విజన్ అందురు. మనము కృత్రిమదృష్టి యనవచ్చును.

ఈ దృష్టి యెందులకని యడుగవచ్చును. మేఘములో దూరిన మనుష్యునకు క్రింద యేదో పైన యేదో తెలియదు. చెవిలోపలి తూకపు నాళములు నేలమీద నడచుటకు చాలినవే గాని, మెల్లగా సాగు మలుపును కొంతసేపటికి మలుపుగ గుర్తింపనే గుర్తింపవు. విమానము ప్రక్కకు వ్రాలి సుడి తిరుగుచు దిగుచుండగా, తాను తిన్నగా పోవుచున్నాననియే పైలటు దేహము చెప్పును. 1954వ సంవత్సరమున ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయమువారు, పరికరములను చూచి నడుపుట నేర్వని యిరువదిమందిని బయటి చూపు లేకుండ చేసి పరీక్షించిరి. ఇరువదిమందికిని విమానము అదుపు తప్పెను. సగటున పట్టిన కాలము 178 సెకండ్లు. మూడు నిమిషములైనను నిండలేదు.

మఱియొక సంగతి. 1979 నవంబరు 28న ఎయిర్ న్యూజిలాండువారి విమానమొకటి అంటార్కిటికాను చూపుటకై యాత్రికులను తీసికొనిపోయి, ఎరెబస్ పర్వతమును గ్రుద్దుకొనెను. అందున్న 257 మందియు మరణించిరి. బయలుదేరుటకు కొన్ని గంటలు ముందుగా కంప్యూటరులో దారి సంఖ్యలు మార్చబడినవి. ఆ సంగతి పైలటులకు తెలుపబడలేదు. తెల్లని మంచును తెల్లని మబ్బును ఒకటైపోయి, ఎదుటనున్న వాలు కన్నులకు సమతలముగ తోచెను. ఇందు విచారింపదగిన దేమనగా, తానున్న చోటు ఆ విమానపు కంప్యూటరునకు తెలియును. తెలియనిది ఆ చోట కొండ యున్నదను సంగతి యొక్కటే. ఆనాటి కంప్యూటరు కడుపులో కొండల పటము లేదు. ఉండినచో ఏమగునో యని తలంచునప్పుడు, మా పూర్వవిద్యార్థి యుత్సాహమును తేలికగా త్రోసివేయుటకు మాకు మనసొప్పదు.

ఇక మా సహోపాధ్యాయులు పలికిన "ఆటబొమ్మ" యను మాట. 1929వ సంవత్సరమున రెండు పనులు జరిగినవి. సెప్టెంబరు 24న జేమ్స్ డూలిటిల్ అను పైలటు న్యూయార్కు సమీపమున, బయటిదేమియు కనబడకుండ కప్పివేసిన కాక్‌పిట్టులో కూర్చుండి, పరికరములను మాత్రమే చూచుచు విమానమును లేపి, త్రిప్పి, దింపెను. ఆ యేటనే ఎడ్విన్ లింకు అను యువకుడు నేలమీదనే యుండి ఊగులాడు విమానశిక్షణయంత్రమును నిర్మించెను. లింకు కుటుంబమువారిది ఆర్గనులు, తమంతతామే వాయించుకొను పియానోలు చేయు కర్మాగారము. కావున తన యంత్రమును ముందువెనుకలకును ప్రక్కలకును ఊపుటకు అతడు ఆర్గను తిత్తులనే వాడెను. మా ప్రార్థనశాలలోని హార్మోనియము తిత్తి చినిగినప్పుడెల్ల మాకు లింకు జ్ఞాపకమునకు వచ్చును. మొదట నతని యంత్రమును విమానవిద్య నేర్పువారు లెక్కచేయలేదు. అతడు వానిని వినోదశాలలకు అమ్ముకొనెను. అచ్చట జనులు నాణెము వేసి, ఎక్కి యూగిరి. 1934లో అమెరికా సైన్యమునకు తపాలా మోయు పని యప్పగింపబడి, చెడువాతావరణమున పదిమందికి పైగా పైలటులు మరణించిన పిమ్మటనే, ఆ సైన్యమువారు లింకు యంత్రము లారింటిని కొనిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున లక్షలకొలది మంది వానిలో నేర్చుకొనిరి. తిరునాళ్లలో రంగులరాట్నము ప్రక్కన నిలిచిన వస్తువు పదిహేనేండ్లలో ప్రాణరక్షకమైనది. ఆటగా పుట్టుట దోషము కాదు.

ధ్రువపత్రముగల కృత్రిమదృష్టియు వేరు జాతికి చెందినది కాదు. 2000 ఫిబ్రవరిలో ఎండెవరు వ్యోమనౌక పదునొకండు దినములు భూమిని చుట్టుచు, రాడారుతో ఉత్తరమున 60 డిగ్రీలు మొదలు దక్షిణమున 56 డిగ్రీలవరకు గల నేల మెట్టపల్లములను కొలిచెను. భూభాగములో నూటికి ఎనుబది పాళ్లు అందులో చేరినది. ఆ కొలతలు పిమ్మట లోకమున కంతటికి ఉచితముగ నీయబడినవి. 2008లో గల్ఫ్‌స్ట్రీమ్ విమానములలోని హనీవెల్‌వారి కృత్రిమదృష్టికిని, అదే సంవత్సరమున చిన్న విమానములకై గార్మిన్‌వారు చేసినదానికిని అమెరికా విమానయానాధికారులు అనుమతి యిచ్చిరి. ఫ్లైట్‌గేర్ తెరమీది కొండలలో చాలభాగము ఆ ఎండెవరు కొలతలనుండి వచ్చినవే. గీయు గణితమొకటే, గీయబడు కొండయు నొకటే. అట్లయినచో భేదమెక్కడ?

ఆ భేదము మాకు పుస్తకములో దొరకలేదు, రైలులో దొరకెను. జనవరిలో విజ్ఞానసంఘమువారిని అరకు తీసికొనిపోతిమి. విశాఖపట్టణమునుండి కిరండూలు పోవు ఆ రైలుమార్గము తూర్పుకనుమలను ప్రాకుచు, పదులకొలది సొరంగములు దాటి, ఒకప్పుడు బ్రాడుగేజి స్టేషనులలో మిక్కిలి యెత్తైనదని పేరొందిన శిమిలిగుడ మీదుగా అరకు చేరును. పదవ తరగతి బాలు రిద్దరును తొమ్మిదవ తరగతి బాలిక యొకతెయు, మా పూర్వవిద్యార్థి చూపిన విధమున పాఠశాల ల్యాప్‌టాపులో ఫ్లైట్‌గేర్ పెట్టి, సెల్‌ఫోను చెప్పు స్థానమును దానికి అందించు చిన్న ప్రోగ్రాము వ్రాసికొని వచ్చిరి. రైలునకు రెక్కలు లేవు గనుక వాలు సంగతి విడిచిపెట్టిరి. చుట్టునున్న కొండలు విమానమునుండి చూచినట్లు కనబడుటకై ఎత్తునకు మాత్రము మూడువందల మీటర్లు కలిపిరి.

విశాఖ స్టేషనులోనే మొదటి చిక్కు వచ్చెను. సముద్రమునకు ఇంత దగ్గర, సముద్రమట్టమునకు కొన్ని మీటర్లు ఎగువన కూర్చున్న మమ్ము, సెల్‌ఫోను అరువది మీటర్లకు పైగా దిగువ నున్నవారినిగ చూపెను. ఫోను చెడిపోయినదని పిల్ల లనుకొనిరి. చెడిపోలేదు. జి.పి.ఎస్. ఎత్తును కొలుచునది నిజమైన సముద్రముపైనుండి కాదు; భూమిని నునుపుగ నొక్కబడిన గోళముగ భావించి, ఆ గణితపు తలముపైనుండి కొలుచును. భూమిలోపలి బరువు అన్నిచోట్ల ఒకే విధముగ లేనందున, నిజమైన సముద్రతలము కొన్నిచోట్ల ఆ తలమునకు పైగా పొంగియు, కొన్నిచోట్ల క్రుంగియు నుండును. లోకములోకెల్ల మిక్కిలి క్రుంగిన చోటు సింహళద్వీపమునకు దక్షిణమున, హిందూమహాసముద్రములో గలదు. అక్కడి పల్లము నూరు మీటర్లకు పైబడినది. ఆ పల్లపు టంచు మన తీరమువరకు వ్యాపించియున్నది. ఈ భేదమును సవరింపనిచో మన ప్రాంతమున తెరమీది విమానము నిజముకంటె క్రింద నున్నట్లు కనబడును. అది పైలటును భయపెట్టును గాని చంపదు. న్యూగినీ ప్రాంతమున సముద్రతలము డెబ్బది యెనుబది మీటర్లు పైకి పొంగియుండును. అక్కడ ఇదే పొరపాటు, కొండకొమ్మును తగులబోవు విమానమును కొండను దాటినట్లు చూపును. ఒకే ప్రోగ్రాము, ఒకే తప్పు. ఈ పాఠమును బల్లమీద సుద్దముక్కతో చెప్పియుంటిమేని, ఎందరు వినియుందురో సందేహమే. స్టేషనులో మాత్రము ప్రక్క బోగీవారు కూడ వచ్చి వినిరి.

అసలు సంగతి కనుమ నెక్కుచుండగా బయటపడెను. రైలు సొరంగములో దూరెను. బోగీలో చీకటి. బాలురు కేకలు పెట్టిరి. సొరంగములో కేకలు పెట్టని బాలురను మే మింతవరకు చూడలేదు. తెరమీద మాత్రము ఎండ కాయుచునే యున్నది. మబ్బులు మెల్లగా సాగుచునే యున్నవి. పచ్చని కొండ యెదుట నిలిచియున్నది. ఫోనునకు ఉపగ్రహముల సంకేతములు ఆగిపోయినవి. క్రొత్త సంఖ్యలు రాలేదు. చిత్రకారుడు చివరగా నందిన సంఖ్యలనే పట్టుకొని, అదే చోటును సెకండునకు ముప్పదిమార్లు శ్రద్ధగా గీయుచుండెను. "రైలు కదలుచున్నది, కొండ కదలుటలేదేమి మాస్టరుగారూ?" అని ఆ బాలిక యడిగినపుడు గాని మాకు తెలియలేదు. రైలు వెలుపలికి వచ్చి, ఫోను తేరుకొనుటకు నిమిషమునకు పైగా పట్టెను. ఆ నిమిషములో మా రైలు అర కిలోమీటరు ప్రాకియుండును. గంటకు 185 కిలోమీటర్లు పోవు చిన్న విమానము మూడు కిలోమీటర్లు పోవును. తూర్పుకనుమలలో మూడు కిలోమీటర్లన్న ఒక లోయ యీవలిగట్టునుండి ఆవలిగట్టునకు.

మమ్ము కలవరపెట్టినది తప్పు జరుగుట కాదు. అబద్ధపు బొమ్మయు నిజమైన బొమ్మయు ఒకే యందముతో నుండుట. రెంటికిని తెరమీద వెండ్రుకవాసి భేదము లేదు.

ఇది సాఫ్ట్‌వేరు వ్రాసినవారి తప్పు కాదని చెప్పవలెను. ఆట యెన్నడును ఆగరాదు. ఆడువాని యెదుట తెర నల్లబడుటకంటె ఆటకు గొప్ప లోపము లేదు. కావున సమాచారము లేనిచోట ఏదో యొకటి నింపి, అతుకు కనబడకుండ చేయుట ఆ వృత్తిలో నైపుణ్యము. 2020 ఆగస్టులో మైక్రోసాఫ్టువారి క్రొత్త సిమ్యులేటరు వెలువడినప్పుడు, మెల్బోరను నగర శివారున సామాన్యమైన యిండ్ల నడుమ 212 అంతస్తుల సన్నని గోపుర మొకటి లేచి కనబడెను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాపు అను, అందరును కలిసి వ్రాయు పటములో ఒక విద్యార్థి 2 అంతస్తులని వ్రాయబోయి 212 అని టైపుచేసియుండెను. యంత్రము సందేహింపక కట్టివేసెను. ఆటగాండ్రు సంతోషముతో దానిచుట్టు విమానములు త్రిప్పిరి. లేని గోపురము కనబడుట నవ్వు పుట్టించును. ఉన్నది కనబడకపోవుట నవ్వులాట కాదు. ఎండెవరు రాడారునకు సైతము నిటారు కొండల చాటున కొన్ని లోయలు అందలేదు; ఆ ఖాళీలను పిమ్మట ఇతర పటములతోను, చుట్టునున్న సంఖ్యలనుబట్టి యూహించియు పూడ్చిరి. దట్టమైన యడవిలో ఆ రాడారు చాలచోట్ల కొలిచినది చెట్ల తలలవరకే గాని నేలవరకు కాదు. సెల్‌ఫోను టవరుల ఇనుపకమ్మీలు, విద్యుత్తుతీగలు వంటి సన్నని వస్తువులు ఆ కొలతలకు చిక్కవు. తెరమీద కొలిచిన లోయయు, ఊహించిన లోయయు ఒకే యాకుపచ్చ.

విమానమునకై చేసిన మంచి పరికరములో మేము మెచ్చుకొనునది దాని బొమ్మ కాదు. సంకేతము లాగినప్పుడును, ఒక గ్రాహకము చెప్పినది వేరొకటి చెప్పినదానితో పొసగనప్పుడును, అది బొమ్మను తీసివేసి యెఱ్ఱని ఇంటూగుర్తు వేయును. బొమ్మ గీయుటకంటె ఇది కష్టమైన పని. ఎప్పుడు తీసివేయవలెనో యెఱుగుటకు, తనకు అందునవన్నియు సరిగా నున్నవో లేవో అది యెడతెగక పరీక్షించుకొనుచుండవలెను. విమాన సాఫ్ట్‌వేరునకు డి.ఓ.-178 అను నియమావళి 1982 మొదలు కలదు. ఏ యవసరమునకు ఏ భాగము వ్రాయబడినది, అది యెట్లు పరీక్షింపబడినది యని కాగితముపై చూపవలెను. ప్రాణము లాధారపడిన భాగమునకు ఆ పరీక్ష మిక్కిలి కఠినము. తండ్రిగా రడిగిన ఆ వేల డాలర్లలో కంపెనీ లాభము ఎంతయో కలదు, మేము కాదనము. కాని తక్కినదానిలో చాలభాగము "తెలియదు" అను నొక మాటకు వెల.

పరీక్షాపత్రములు దిద్దు మాకు ఈ మాట విలువ ముందే తెలిసియుండవలసినది. ప్రశ్నకు ఖాళీ విడిచిన బాలునకు సున్న వేయుదుము. ఏమియు తెలియకపోయినను చక్కని దస్తూరితో పుట నింపిన బాలునకు జాలితో ఒక మార్కు వేయుదుము. ఇరువది సంవత్సరములుగ వేయుచున్నాము.

ధ్రువపత్రముగల పరికరములు తప్పులు చేయవని మా భావము కాదు. ఇటీవలి సంవత్సరములలో యుద్ధప్రాంతముల సమీపమున జి.పి.ఎస్. సంకేతములను చెఱచుట, దొంగ సంకేతములను పంపుట పెరిగినది. వానిని నమ్మి, పెద్ద విమానములలోని కొండ హెచ్చరికలు కొండయే లేనిచోట "పైకి లేపుము" అని కేకలు వేసినవి. అట్టి సమయమున పైలటునకు గాలిపీడనముతో ఎత్తును చెప్పు యంత్రమును, గైరోతో నడచు దిగ్వలయమును వేరుగా నుండుటచేత సంగతి తెలియును. ఒకే ల్యాప్‌టాపు తెరపై సర్వమును గీయించుకొనిన వానికి తెలియదు.

అరకునుండి వచ్చిన పిమ్మట ఈ సంగతులన్నియు మా పూర్వవిద్యార్థికి వ్రాసితిమి. "నాయనా, నీ పరికరము ఎంత బాగుగ చూపునో చెప్పితివి. అది ఎప్పుడు చూపుట మానునో చెప్పలేదు" అని అడిగితిమి. సెల్‌ఫోనువంటి దానిలోని వాలుకొలమానము నొక్కదానినే నమ్మవలదనియు వ్రాసితిమి. ఏలయన సరిగా తిరుగుచున్న విమానములో గిన్నెలోని తేనీరు నేలకు గాక విమానపు గచ్చునకే సమముగ నుండును. బాబ్ హూవరు అను పేరుపొందిన పైలటు విమానమును పొర్లించుచునే గ్లాసులో తేనీరు చిందకుండ పోసి చూపెడివాడు. బరువు ఎటు లాగుచున్నదో మాత్రమే యెఱిగిన కొలమానమునకు ఆ తేనీటికి తెలిసినంతయే తెలియును. అతనికి ఇవి తెలియని సంగతులు కావు. అయినను ఉపాధ్యాయుని చేయి ఊరకుండదు.

అతడు వ్రాసిన ప్రత్యుత్తరము మమ్ము కొంత యిరుకున పెట్టెను. పాత పరికరములును నోరు మూసికొనవు, గాలిపీడనపు ఎత్తుమాపకమునకు ఆ దినపు పీడనమును సరిగా అమర్చనిచో ముల్లు తప్పునే చూపుచు హాయిగా నుండును, దానిని నూరేండ్లుగ వాడుచునే యున్నారు గదా యని వ్రాసెను. ఇది నిజము. మా యుత్తర మేమనగా, ముల్లును చూచువాడు దానిని ముల్లుగనే చూచును. ఏమి సరిచూడవలెనో మొదటి పాఠముననే నేర్చియుండును. బొమ్మను చూచువాడు దానిని కిటికీ యనుకొనును. కిటికీని సరిచూచువా డెవడు?

మఱియు నతడు, "పొరపాటున మేఘములో చిక్కుకొనిన వానికి, ఏమియు లేకుండ 178 సెకండ్లు కూర్చుండుటకంటె ఈ బొమ్మ మేలు గదా మాస్టరుగారూ?" అని యడిగెను. మేలే. దీనిని మేము కాదనజాలము. చిక్కుకొనిన వానికి అది యుండవలెననియే కోరుదుము. కాని ఆ బొమ్మ ప్రక్కన నున్నదను ధైర్యమే, వెనుకకు మరలవలసిన పైలటును మేఘములోనికి పంపునేమో యని మా భయము. గొడుగు చేతనున్న దినముననే మనము మబ్బు చూడక బయలుదేరుదుము. ఇందు అతనికిని మాకును ఏకాభిప్రాయము కుదరలేదు. అతడు తన పలకలో మామూలు దిగ్వలయమును, ఎత్తుమాపకమును బిగించి, ల్యాప్‌టాపును ప్రక్కకు జరుపుటకు మాత్రము ఒప్పుకొనెను. తెరిపి దినములలో దానిని కిటికీతో పోల్చి చూచుచు ఒక సంవత్సరము నడిపి, ఎన్నిమార్లు రెండును వేరుగ నుండెనో వ్రాసి పంపుదునన్నాడు. ఆ లెక్క వచ్చినచో వచ్చు సంచికలో ప్రకటింతుము.

అరకు ప్రయాణములో ఒక సంగతి మిగిలియున్నది. ఆ రాత్రి బసలో భోజనములైన పిమ్మట ఆ ముగ్గురు పిల్లలును ప్రోగ్రామును తిరిగి వ్రాసిరి. మూడు సెకండ్లవరకు ఫోనునుండి క్రొత్త స్థానము రాకున్నచో, తెర మొత్తము నల్లబడి నడుమ ఎఱ్ఱని ఇంటూగుర్తు పడవలెను. ఒక సెకండు చాలునని ఒకడు, అయిదు కావలెనని మఱియొకడు చాలసేపు వాదించిరి. బాలిక మూడు అని తీర్పుచెప్పెను. మరునాడు తిరుగుప్రయాణమున కొండ దిగునంతసేపు సొరంగము సొరంగమునకును తెర నల్లబడుచు, ఎఱ్ఱబడుచు నుండెను. వెనుకటి దినమున పచ్చని కొండలను చూచి ముచ్చటపడిన తోటిపిల్లలు విసుగుచెంది కిటికీలవద్దకు పోయిరి. ఎదుటి బల్లమీద కూర్చున్న పెద్దమనిషి యొకరు జాలిపడి, "యంత్రము పాడైపోయినదా అమ్మా?" అని యడిగిరి. "లేదండీ, ఇప్పుడే బాగైనది" అని చెప్పి ఆ బాలిక, ఎత్తులోని అరువది మీటర్ల తప్పును సవరించు పంక్తి వ్రాయుటలో మునిగిపోయెను. విశాఖ చేరువరకు ఆ పంక్తి కుదరలేదు.